కారు నెత్తిన మగ్గం

ముందే చెప్పేస్తున్నాను. ఈ ముచ్చట అయిపోయేలోపు ఒక కారుకు బోడిగుండవుతుంది, ఒక పెద్దమనిషి పరువు తారురోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నల్లో కలుస్తుంది, ఒక జంపఖానా మాత్రం మీసం మెలేస్తుంది. ఆ పెద్దమనిషిని నేనే. అప్పటికే నాకు నలభై దాటింది, నిజమే. కానీ కొత్త కారు కొన్నవాడి వయసును కారు వయసుతోనే లెక్కకట్టాలి. ఆ లెక్కన నేనింకా పాలు మరవని పసివాణ్ని.

కారంటే మామూలు కారు కాదు, బుల్లి ఎస్‌యూవీ. మట్టెవాడలో మా గల్లీ మలుపు తిరుగుతుంటే రెండు వైపులా గోడలు ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి లాక్కునేవి. దాని నెత్తిమీద ముందునుంచి వెనక్కి, అటొకటి ఇటొకటి, వెండిరంగు రెయిల్స్ ఉండేవి. రోజూ పొద్దున పళ్లు తోముకోవడం మరిచినా వాటిని తుడవడం మరవలేదు. ఎవరైనా చూస్తే ఇంకోసారి తుడిచేవాణ్ని.

ఇక మా అక్క మొగుడు రాజేశం బావ గురించి. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఆయన నేసిన జంపఖానా మీద తాతకు పెళ్లి చేస్తే, మనవడి పెళ్లికి దాన్ని దులిపి మళ్లీ పరవవచ్చు. పెళ్లికూతుళ్లు ముసలివాళ్లవుతారు గానీ అది కాదు. అలాంటి బావకు కేసముద్రం దగ్గర ఓ ఊళ్లో కొత్తగా కట్టిన చర్చి నుంచి పని వచ్చింది. ఎర్రంచు, నీలం చారలు, చర్చి నడుమ సగం నిండేంత జంపఖానా. బావా, అక్కా ఎదురెదురుగా కూర్చుని నేశారు. అది పూర్తయ్యాక పాస్టరుగారు ఫోన్ చేశారు.

"రాజేశం, ప్రతిష్ఠ రోజు మొదటి ప్రార్థనకు మోకాళ్లు నీ జంపఖానా మీదనే ఆనుతయ్. కని ఆరాధన షురూ అయ్యేటాళ్లకు రావాలె. లేకుంటే ఏం జేస్తం, ప్లాస్టిక్ పట్టాలే పరుస్తం."

ప్లాస్టిక్ అన్న మాట వినగానే బావ మొహం చూడాల్సింది. ఆయన వాడలో సగం మగ్గాల నోరు మూయించింది ఆ పట్టాలే. "అన్నం లేకున్నా ఉంట గని, నా జంపఖానా జాగల ప్లాస్టిక్ పరిస్తె ఉండలేను బామ్మర్ది" అన్నాడు. అని, ట్రాలీ ఆటో మాట్లాడటానికి లేచాడు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "ఆటోనా? ఇంటల్లుని సొమ్ము ఆటోల పోతదా? నా బండెందుకున్నది బావా? నెత్తిమీద పెట్టుకొని తీస్కపోత!"

మా ఆవిడ సరోజ చాయ్ గ్లాసులు తీస్తూ ఒకే మాట అడిగింది. "వెనక సీట్లు మడిస్తె లోపట పట్టదా?"

"పెండ్లిపిల్లను గోనెసంచిల కట్టి తీస్కపోతరా ఎవరన్న?" అన్నాను. బావ కళ్లు చెమ్మగిల్లాయి. సరోజ కళ్లు మాత్రం నన్నే చూస్తూ గ్లాసులతో పాటు లోపలికి వెళ్లిపోయాయి.

నెత్తిమీద పెట్టాలంటే రెయిల్స్ మీద అడ్డంగా రెండు కడ్డీలు, అంటే క్రాస్‌బార్లు, బిగించాలి. హన్మకొండలో ఓ కారు సామాన్ల దుకాణానికి బావనూ వెంటేసుకుని వెళ్లాను. మేం ఎంచుకున్న పద్ధతిని లోకంలో ఇంకెవరూ పాటించి ఉండరు. నేను ఒక్కో కడ్డీనీ కుండను కొట్టి చూసినట్టు వేలితో కొట్టి చెవి ఆనించాను. బావ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి, మగ్గం దుంగను చూసినట్టు వంకర చూశాడు.

"నలుచదరపు ఇనుపవి ఉన్నయ్ అన్నా, బరువుకు మంచిగుంటయ్" అన్నాడు దుకాణదారు.

"అవేంది, కిటికీ చువ్వల్లెక్క? గవి చూపియ్యి" అన్నాను. గోడకు వేలాడుతున్నవి విమానం రెక్కల్లా ఉన్నాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. పైగా వాటికి తాళంచెవి! తాళంచెవి ఉన్న వస్తువును కొనకుండా వదిలిన మగవాణ్ని నేనింతవరకు చూడలేదు.

"కని అన్నా, మీ బండి రెయిల్స్ అసలువేనా, షోకు అతికినయా?"

నేను నవ్విన నవ్వుకు దుకాణంలో స్టీరింగ్ కవర్లన్నీ ఊగాయి. "షో అనేది మా ఇంటా వంటా లేదు. బిగియ్యి!"

అతను భుజాలెగరేసి బిగించాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, నా నోట్లోనే శని ఉంది.

ప్రతిష్ఠ రోజు పొద్దున బావ ఇంటి ముందు జంపఖానాను ఎత్తుకొచ్చాం. లోకంలో ఎవరైనా ఏం చేస్తారు? చుట్ట చుట్టి, కడ్డీల మీద పెట్టి, తాళ్లతో కడతారు. మా బావది కొత్తవాడ, నేను ఆయన బామ్మర్దిని. ముందొక కడ్డీ, వెనకొక కడ్డీ, నడుమ ఖాళీ. బావ ఆ రెండింటినీ చూసిన చూపు, నేను బావను చూసిన చూపు గాల్లోనే కలిశాయి.

"బామ్మర్ది, ఇది మగ్గమే గదరా!"

"అచ్చం మగ్గమే బావా!"

"అయితె చుట్టుడెందుకు? రెండు కడ్డీలకు చుట్టి బిగిద్దాం. ముడత పడది. ఊరూరికి కనవడ్తది గూడ."

ఇంకేముంది! ఒక కొసను ముందు కడ్డీకి, ఇంకో కొసను వెనక కడ్డీకి చుట్టి, నడుమ తాడువేసి, కర్రపెట్టి మెలితిప్పాం. బావ పడుగును సరిచూసినట్టు అరచేత్తో కొట్టాడు. ఢమ్మంది. వాడంతా వచ్చి చూసింది. ఒక ముసలాయన కారుకు దండం పెట్టాడు. నేను దాన్ని నా ఖాతాలో వేసుకున్నాను.

ఊరు దాటేదాకా రాజుగారి సవారీలా సాగింది. నెక్కొండ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి కాలు కొంచెం గట్టిగా నొక్కాను. నెత్తిమీద డప్పు మొదలైంది. ఢమ్... ఢమ్... ఢఢఢఢమ్!

"ఇనవడ్తాందా బామ్మర్ది? అదీ పడుగు బిగువంటె!" బావ పక్కసీట్లో తాళం వేస్తున్నాడు.

"సంగీతమే బావా!"

వెనక సీట్లోంచి సరోజ అంది, "అది సంగీతం కాదు, బండి ఏడుస్తాంది. జర నిమ్మలంగ పోనియ్యి."

"ఫికర్ చేయకు. రెక్కలవి, గాలిని కోస్కుంట పోతయ్."

రెక్కలు కదా, వాటి పని అవి చేశాయి. గాలి జంపఖానా కింద దూరింది. అది పొంగే పాలలా ఉబ్బింది. ఇంతలో 'టప్' మని ఎడమ పక్క, 'టటప్' మని కుడి పక్క. డప్పు ఆగింది. కారు ఒక్కసారి తేలికైపోయింది, పాపాలన్నీ కడిగేసుకున్నవాడిలా. అద్దంలో చూద్దును గదా, మా జంపఖానా రెయిల్స్‌నూ కడ్డీలనూ చంకనబెట్టుకుని, చదువుల తల్లి హంసలా ఆకాశంలో తేలి, రోడ్డు మీద ఓ పక్కన ఎవరో ఆరబోసిన మక్కల మీద నిదానంగా దిగింది. పరిచినట్టే పడింది. చేత్తో పరిచినా అంత తిన్నగా రాదు.

మక్కలకు కాపలా ఉన్న పెద్దామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఓ సారూ! నా మక్కలు కూసునేటందుకు జంపఖానా ఎవలు అడిగిండ్రు?"

కారు ఆపగానే బావ దూకి పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూలబడి అంచులు తడుముతున్నాడు. "టైమైపోతాంది బామ్మర్ది. పట్టాలు పరుస్తరు. పరిచేస్తరు."

నేను కారు వైపు తిరిగి చూశాను. కారు నెత్తిన రెయిల్స్ ఉన్నచోట రెండు జిగురు చారికలు మిగిలాయి. కంపెనీవాళ్లు అందానికి అతికించిన వాటికి నేను సంసారమంతా వేలాడదీశాను. సరోజ ఆ జిగురును గోటితో గీకి చూసింది. "షో మన ఇంటా వంటా లేదంటివి. నెత్తిమీదనే ఉండె గద!"

అంతే. వెనక సీట్లు మడిచింది. బావా, ఆమే, మక్కల పెద్దామే కలిసి కడ్డీల్ని విప్పి, జంపఖానాను దులిపి, నీటుగా మడతపెట్టి లోపల పెట్టారు. పొయ్యి పక్కన పిల్లిలా హాయిగా ఒదిగిపోయింది. ఇంకో చిన్న జంపఖానా ఉన్నా పట్టేది. మిగిలినవి ముందు రెండు సీట్లే.

"తాళాలియ్యి" అంది సరోజ. "రాజేశమన్నా, ఎక్కు."

"మరి నేను?"

"మా ట్రాక్టర్ కేసముద్రం మార్కెట్‌కు పోతాంది. బస్తాల మీద కూసో సారూ" అంది పెద్దామె. "నీ కడ్డీలు గూడ ఎక్కియ్యి. కాపలాకు నా మక్కలున్నయ్."

కారు నెత్తిన జంపఖానా పోవాల్సింది, ట్రాక్టర్ నెత్తిన నేను పోయాను. ఒళ్లో రెండు రెయిల్స్, రెండు క్రాస్‌బార్లు, జేబులో వాటి తాళంచెవి. ఎవరూ దొంగిలించలేదు, అదొక్కటే ఊరట.

నేను చేరేసరికి చర్చిలో పాట నడుస్తోంది. చెప్పులు విప్పి గుమ్మంలోంచి తొంగిచూశాను. ఎర్రంచు, నీలం చారలు. దానిమీద ఊరంతా మోకరించి ఉంది. మూలన చుట్టచుట్టిన ప్లాస్టిక్ పట్టాలు విప్పకుండానే ఉన్నాయి. పాస్టరుగారు "దీన్ని నేసిన రాజేశం దంపతులకు, టైముకు తెచ్చిన సరోజమ్మకు వందనాలు" అన్నారు. నా పేరు రాలేదు. దేవుడి సన్నిధిలో అబద్ధం ఆడకూడదు కదా.

బావ వెనక వరసలో అంచు మీదకు వంగి, బొటనవేలితో పోగుపోగునా తడిమి చూస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"బండి రెయిల్స్ ఊడినయ్. నీ రెక్కల కడ్డీలు వంగినయ్. గాలి గుంజింది, మక్కల మీద గొట్టింది. కని ఒక్క పోగు, ఒక్కటంటె ఒక్కటి జారలే బామ్మర్ది!"

ఆ మాట విన్నాక నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఇంకో గాలి వచ్చుంటే నన్నూ మక్కల మీద వేసేది. కారు కంపెనీ ఒకవైపు, కొత్తవాడ మగ్గం ఒకవైపు. ఎవరు నెగ్గారో నాలుగు ఊళ్ల గాలి చూసింది. పందెం పెట్టించింది నేనే కదా!

అందుకే ఆ గుమ్మంలో, ఒంటినిండా మక్కల దుమ్ముతో, చేయి ఎత్తి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ మా బావ నేసిన జంపఖానాను కారుకు కట్టను. తప్పనిసరై కట్టాల్సి వస్తే, కారునే జంపఖానాకు కడతాను.