చుట్టరికం కలవని మనిషి

"మీరు బయటనే కూసోండ్రి" అని నా భార్య ఒక్కతే కోదాడ కౌన్సెలరమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మంచం దిగడానికే ఇష్టపడని మనిషి తనంతట తాను వెళ్లడం అదే మొదలు.

డిప్రెషన్ అని సూర్యాపేట డాక్టరు మందులు రాసి, కౌన్సెలింగ్ కూడా ఇప్పించమన్నాడు. బతిమాలి మిర్యాలగూడ తీసుకెళ్లాను. అక్కడి కౌన్సెలర్ మంచివాడే. మా వైపు అలవాటు ప్రకారం ముందు ఊరడిగాడు. పాలకీడు అనగానే, "ఎవరింటోళ్లు?" అని ఇంటిపేరు కూడా తెలుసుకుని, "గట్లయితే నాకు వదిన వరస అయితరు! జర నవ్వుండ్రి వదినా" అన్నాడు. ఆమె ఇక నోరు విప్పలేదు. తిరుగు బస్సులో మాత్రం, "రేపు పెండ్లిళ్లల్ల గూడ ఎదురైతడు. గాయనకేం జెప్పుకోవాలె?" అంది.

అందుకే మా వాళ్లెవరికీ తెలియని మనిషి కోసం వెతికాను. కోదాడావిడది కృష్ణా జిల్లా. గుమ్మంలో మమ్మల్ని ఊరూ పేరూ ఆరా తీయలేదు. "రండమ్మా, కూర్చోండి" అంది, అంతే.

బయట కుర్చీలో కూర్చుంటే నా భార్య గొంతు వినిపించింది, మాటలు అందలేదు. విలేకరిగా ఎందరినో మాట్లాడించాను కానీ, ఆమె అంతసేపు మాట్లాడడం ఈమధ్య వినలేదు.

ఇప్పుడు వారం వారం వెళ్తున్నాం. లోపల ఏం చెబుతుందో నేనడగను. ఇంట్లో మాత్రం, అన్నం పెట్టనా అని తప్ప, నాతో ఇంకా ఏమీ మాట్లాడదు.