వన్స్‌మోర్ అంటే లేచిన శవం

ఒకే నాటకంలో రెండుసార్లు చచ్చినోణ్ణి ఎప్పుడన్నా చూసినారా? చూడకుంటే ఇప్పుడు చూసుకోండి, మీ ముందరే కూచుని టీ తాగుతాండా. ఆదివారం నుంచి అంగడి తెరవాలంటే సిగ్గయితాంది!

మెడికల్ షాపు రామాంజులు తెలుసు కదా? కిందామీదా పడి ఒక డిటెక్టివ్ నాటకం రాసినాడు. పాతకాలం డ్రామా కంపెనీలో మర్డరు. రాజు వేషగాడు స్టేజీ మీద పద్యం పాడతాంటే, సేనాపతి వేషగాడు ఉత్తుత్తి కత్తి అనుకొని నిజం కత్తితో పొడుస్తాడు. ఆ కత్తి మార్చిందెవరు? అదీ సస్పెన్సు. రాజు నేను. సేనాపతి మా టైలర్ ఓబులేసు. ఇన్‌స్పెక్టరు రామాంజులే.

నాకు సస్పెన్సుతో పని లేదప్పా. నా ధ్యాసంతా ముందు వరసలో శెనక్కాయలు ఒలుచుకుంటా కూచున్న మా నాయన మీదే. ఆయన ఒకప్పుడు ఉరవకొండ చుట్టుపక్కల పేరున్న పద్యగాడు. నేను పాడితే ఈ పొద్దుటిదాకా 'బాగుంది' అన్న పాపాన పోలేదు. ఆ ఒక్క మాట కోసమే వేషం ఒప్పుకున్నా.

పద్యం ఎత్తుకున్నా. చివర్లో రాగం తీస్తాండా... తీస్తానే ఉండా... ఓబులేసు వచ్చి కసుక్కున పొడిచినాడు. దబ్బున పడి చచ్చినా. హాలంతా ఒకటే చప్పట్లు! ఆ చప్పట్లలోనే రామాంజులు వచ్చి నాడి చూసి, "ప్రాణం పోయింది!" అన్నాడు. కత్తిని కర్చీఫులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఓబులేసుకు బేడీలేసినాడు.

అప్పుడు వినపడింది, "వన్స్‌మోర్!" అని.

మా నాయన గొంతు! ఆయన వెనకాలే జనమంతా ఈలలు, వన్స్‌మోర్లు.

మీరే చెప్పండి, ఏ కొడుకన్నా పండుకొని ఉంటాడా? లేచినా! కిరీటం సర్దుకొని దండం పెట్టినా. రామాంజులు పండ్లు కొరుకుతా, "నువ్వు సచ్చినావు, పండుకోరా!" అన్నాడు. నేను వింటేనా? హార్మోనియం ఆయన అలవాటుకొద్దీ శ్రుతి ఇచ్చినాడు. ఈసారి రాగం ఇంకా సాగదీసినా.

సాగదీసినా సరే, ఆపేదెట్ల? పొడిస్తే కదా నేను చచ్చేది! "పొడువప్పా!" అని ఓబులేసు చెవిలో అన్నా.

"దేంతో పొడిచేది? కత్తి పోలీసోని జేబులో ఉండాది!" అని బేడీల చేతులు చూపించినాడు.

నాకేమో ఊపిరి అయిపోతాంది. రామాంజులుకు ఒళ్లు మండి, కర్చీఫులోంచి కత్తి తీసి తానే పొడిచినాడు. కత్తి రేకుదే గానీ, ఆ పొడుపులో నటన లేదు. డొక్క ఇప్పటికీ నొస్తాంది!

ఇంక ఆ నాటకం ఏం నడుస్తాది? "హంతకుడెవరు?" అని రామాంజులు అడిగినప్పుడల్లా జనం "నువ్వే సామీ!" అని అరిచేది. సగంలోనే తెర దించేసినారు. లోపల రామాంజులు స్టూలు మీద తల పట్టుకొని కూచుంటే నా మొహం యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు. ఆయన కష్టమంతా నా వల్లే బూడిదలో పోసిన పన్నీరయింది.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు చూడండి. బండి మీద ఇంటికి పోతా నాయన్ను అడిగినా. "వన్స్‌మోర్ కొట్టినావు కదా నాయనా, పద్యం అంత బాగా వచ్చిందా?"

వెనక సీట్లో ఆయన పంచెకంటిన శెనక్కాయ పొట్టు దులుపుకున్నాడు.

"పద్యానికి ఎవడు కొట్టినాడురా? నీ రాగం ఎప్పుడు ఆగుతాదా అని నేను చూస్తాంటే, ఆ ఓబులేసు భలే టయానికి పొడిచినాడు. దానికి కొట్టినా!"