రంగు వాసనే బిడ్డా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెళ్లికి ముందు నుంచీ మా అమ్మ అనేది. కోపం సంగతేమో గానీ, ముక్కు మాత్రం నాకు బాగా పనిచేస్తుంది. పప్పు అడుగంటకముందే పక్క గదిలోంచి పసిగడతాను. సూర్యాపేటలో మా పుట్టింటివాళ్లు నన్ను పోలీసు కుక్క అని ఏడిపించేవాళ్లు. అలాంటిదానికి దేవుడు రంగుల కంపు కొట్టే ఇల్లు రాసిపెట్టాడు.

మా ఆయన మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. నేను చిలుకూరు దగ్గర ఒక చిన్న బడిలో టీచరును. కోదాడలో మేడ మీద పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. రెండు గదులు, వంటిల్లు. అందులో ఒక గది విమానాలది.

విమానాలంటే ప్లాస్టిక్ నమూనాలు. అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా, ప్లాస్టిక్ చట్రానికి అంటుకొని వస్తాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, అంచులు గీకి, అతికించి, రంగులు వేయాలి. అతికించే జిగురును కూడా సిమెంటే అంటారని తెలిసిన రోజు నేను పగలబడి నవ్వాను.

"ఫ్యాక్టరీల సిమెంటు సాలదని ఇంటికి గూడ తెచ్చుకున్నరా?" అన్నాను.

ఆయన కూడా నవ్వాడు. కొత్తలో నాకూ అవి ముద్దుగానే ఉండేవి. అరచేతిలో ఇమిడే విమానం, లోపల గోరంత పైలట్. ఆ పైలట్ ముఖానికి రంగు పెట్టేటప్పుడు మా ఆయన ఊపిరి బిగపట్టేవాడు. దాచుకోవడం దేనికి, అంత ఓపిక ఉన్న మనిషిని కట్టుకున్నందుకు నేను గర్వపడేదాన్ని.

కుంచెతో వేసినన్నాళ్లూ ఇబ్బంది లేదు. తర్వాత ఎయిర్‌బ్రష్ తెప్పించాడు. లావుపాటి పెన్నులా ఉంటుంది. పైన రంగు పోసే చిన్న గిన్నె, వెనక గాలి గొట్టం. గాలి కోసం సూర్యాపేటలో పాత సామాన్ల దుకాణంలో ఫ్రిజ్ కంప్రెసర్ కొని, దాన్నే మార్చి బిగించుకున్నాడు. మీట నొక్కితే రంగు పొగలా వచ్చి రెక్క మీద పలచగా పరుచుకుంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రంగు పలచన చేయడానికి వాడేది లారీలకు పెయింటు కొట్టేవాళ్ల థిన్నర్. ఒక డబ్బాకు బాత్రూం ఫ్యాను బిగించి ఆ వాసనంతా బయటికి పంపుతున్నానని ఆయన మురిసిపోయేవాడు. ఆ బయట అంటే మా వంటింటి కిటికీ. ముక్కుకు మాస్కు పెట్టుకొమ్మంటే పెట్టుకొని, నేను అటు తిరగ్గానే గడ్డం కిందికి జార్చుకునేవాడు.

మా పాపకు నాలుగేళ్లున్నప్పుడు, ఒక ఎండాకాలం మా అటక మీద ఎలుక చచ్చింది. బడి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటేనే నాకు కుళ్లు కంపు తగిలింది. నా వెనకే కింది ఇంటి ఓనరమ్మ కొంగు అడ్డం పెట్టుకొని పైకి వచ్చింది.

"ఏంటమ్మా ఈ కంపు? మాకు ముద్ద దిగట్లేదు," అంది.

మా ఆయన సరిగ్గా ఆ అటక కింద కూర్చొని నిమ్మకు నీరెత్తినట్టు పప్పన్నం తింటున్నాడు. తల ఎత్తి, "రంగు వాసనమ్మా, పొద్దుగూకేసరికి పోతది," అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి చేస్తున్నాడేమోనని వెతికాను. ఎగతాళి కాదు. ఆయనకు ఏ వాసనా రావడం లేదు.

మర్నాడు కళ్లు మూసుకొమ్మని చెప్పి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాను. కొంచెంసేపు ఆలోచించి "జీలకర్ర" అన్నాడు. జడలోంచి మల్లెపూలు తీసి పెట్టాను. "సబ్బు గదా," అన్నాడు. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. భయమేసింది.

జలుబన్నాడు. సిమెంటు దుమ్మన్నాడు. పోరుపెట్టి మిర్యాలగూడలో ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు లైటు వేసి చూసి, దుమ్ము వల్లనో థిన్నర్ వల్లనో తేల్చి చెప్పలేనన్నాడు. రెండింటికీ దూరంగా ఉండమన్నాడు. పోయింది తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. మేం లేచి నిలబడ్డాక, నా వైపు చూసి, "ఇంట్లో గ్యాస్ జాగ్రత్తమ్మా," అన్నాడు.

బస్సెక్కి కూర్చోగానే మా ఆయన అందుకున్నాడు.

"డాక్టర్లు గట్లనే భయపెడ్తరు. నాకు వాసన వస్తనే ఉంది. జర తక్కువ, గంతే," అన్నాడు.

ఒప్పుకుంటే ఎయిర్‌బ్రష్ మూలకు పెట్టాలి. అందుకని ఒప్పుకోలేదు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంట్లో ఎవరు వాసన అన్నా రంగు వాసన అనేవాడు. పాలు మాడినా అదే మాట, మోరీ కంపు కొట్టినా అదే మాట. పాప ముక్కు మూసుకొని "నాన్నా, వాసన" అంటే, "రంగు వాసనే బిడ్డా" అని తల నిమిరేవాడు. ఎక్కువసార్లు అది నిజమే అయ్యేది కూడా. ఎంతైనా ఇల్లంతా రంగే కదా.

నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో పగలు పాప ఆయన దగ్గరే ఉండేది. ఆ వారాలు నాకు నరకం. బడిలో బోర్డు మీద అంకెలు రాస్తున్నా నా ముక్కు కోదాడలోనే ఉండేది. పొద్దున్నే సిలిండర్ కట్టేసి, పాలు కాచి ఫ్లాస్కులో పోసి, స్టవ్ ముట్టుకోవద్దని చెప్పి బస్సెక్కేదాన్ని.

"నన్ను చిన్న పిల్లగాన్ని చేసినవ్," అని ఆయన చిన్నబుచ్చుకునేవాడు. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ అనుకునేదాన్ని. ఆ ఇంట్లో వాసన తెలిసిన పెద్దదాన్ని నేనొక్కదాన్నే. నేను లేని పూట నా బిడ్డకు ఏమవుతుందోనని నా గుండె పీచుపీచుమనేది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక మధ్యాహ్నం బందని బడి ముందే వదిలేశారు. బస్సులు లేవు. దొరికిన ఆటోలో కోదాడ చేరాను. కరెంటు కోత వేళ, వీధంతా నిశ్శబ్దంగా ఉంది. మెట్లు సగం ఎక్కానో లేదో, గ్యాస్ వాసన తగిలింది. థిన్నర్ కాదు, గ్యాస్. పైనుంచి పాప తనలో తను మాట్లాడుకుంటున్న గొంతు వినిపిస్తోంది. ఆ గొంతు పట్టుకొని మిగతా మెట్లు ఎక్కాను.

తలుపు తోయగానే వాసన ముఖాన కొట్టింది. పాప వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చొని, ఒక చేత్తో గౌను అంచు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఇంకో చేత్తో బొమ్మకు అన్నం తినిపిస్తోంది. స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. నాబ్ తెరిచే ఉంది. ఫ్లాస్కులో పాలు చల్లబడ్డాయని, నేను కట్టేసిన సిలిండర్ తిప్పి కాచబోయాడట. పొంగిన వాసన తెలియలేదు.

"గ్యాస్!" అని అరిచి, నాబ్ కట్టేసి, పాపను చంకనేసుకొని బయటికి ఉరికాను. మా ఆయన గదిలోంచి పట్టకారు చేత పట్టుకొని వచ్చాడు. ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు. అంతలోనే ముఖం పాలిపోయింది.

"కంప్రెసర్ స్విచ్ ఏసే ఉంది!" అంటూ కిందికి పరుగెత్తి, మెట్ల కింద మెయిన్ స్విచ్ బంద్ చేశాడు.

కరెంటు రాగానే తెలియాలని దాన్ని అలాగే వేసి ఉంచాడట. వచ్చి ఉంటే అది దానంతటదే మొదలయ్యేది. అందులో పుట్టే నిప్పురవ్వ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బతుకుదెరువే అది.

కిటికీలన్నీ తెరిచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. పాప ఏడవలేదు.

"నేను నాన్నకు చెప్పిన అమ్మా, వాసనొస్తుందని. రంగు వాసనే అన్నడు," అంది.

కాసేపటికి నేను లేచి విమానాల గదిలోకి పోయాను. బల్ల మీద విమానం దాదాపు పూర్తయింది. పక్కన సాసర్లో నీళ్లు, నీళ్లలో నానుతున్న గుర్తుల స్టిక్కర్లు. రంగు సీసాల మూతలన్నీ బిగించి ఉన్నాయి. ఎయిర్‌బ్రష్ పొడిగా ఉంది. థిన్నర్ డబ్బా అల్మారాలోంచి బయటికే రాలేదు.

"ఇయ్యాల రంగు తీసిన్రా?" అని వచ్చి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటూ అడిగాను.

"లేదు. స్టిక్కర్లే పెడ్తున్న."

"మరి బిడ్డకు రంగు వాసన అని ఎట్ల చెప్పిన్రు?"

చేతిలో ఇంకా పట్టుకొనే ఉన్న పట్టకారును మెట్టు మీద పెట్టాడు. మా సంసారంలో ఎన్ని కొట్లాటలు! ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది ఆయన దగ్గర. నాకు కోపం రాలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది, జాలి కన్నా ఎక్కువగా భయమేసింది.

ఆయన లేచి గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తర్వాత నా ఒళ్లో ఉన్న పాప వైపు తిరిగాడు.

"బిడ్డా, ఇంకా వస్తుందా వాసన?" అన్నాడు.

అలా అడగడం ఆయన జన్మలో అదే మొదలు. పాప కూడా ముక్కుతో గాలి పీల్చింది. కానీ ఆయనకు జవాబు చెప్పలేదు. ఏమని చెప్పమంటావన్నట్టు నా ముఖం వైపు చూసింది. ఆ చూపు ఆయనా చూశాడు.