ఎడం కొలిచే పట్టాభి

లింగస్వామి పక్కింటి పట్టాభి గారికి ఒకటే యావ. ఏ రెండు కనబడినా వాటి మధ్య ఎడం కొలవాలి. ఒంగోలు వైపు పొగాకు తోటల్లో ముప్పయ్యేళ్లు నారు నాటించి హైదరాబాదులో మన్సూరాబాద్ చేరారు గానీ, జేబులో టేపు రిటైరవలేదు. పెళ్లికెళితే కుర్చీలు జరిపేవారు. తీగ మీద చొక్కాలు జరిపేవారు.

"దగ్గరగా నాటితే ఆకు దండిగానే వస్తుందయ్యా, కానీ కాగితమంత పల్చన. మరీ ఎడమైతే మందం, ఘాటు. ఏ రకానికి ఎంతో తెలియాలి."

ఈ మాట మొదలవగానే లింగస్వామి చెప్పులు వెతుక్కునేవాడు.

ఆ ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం వెలిసింది. రెండిళ్ల మధ్య మాటలు పలచబడ్డాయి. ఒక పొద్దున పట్టాభి గారు రెండు గేట్ల మధ్య సందు కొలుస్తూ కనిపిస్తే, గోడ కడతాడేమోనని లింగస్వామి భయపడ్డాడు.

లింగస్వామి తల్లి ముత్తమ్మ, ఆయాసం మనిషి, శిబిరం నడిమధ్యే కూర్చుంది. మూడోనాడు జనం కిక్కిరిశారు. ఆమె ఊపిరి ఈలలా మోగుతోంది. లెమ్మని కొడుకు బతిమాలినా లేవలేదు.

అప్పుడొచ్చారు పట్టాభి గారు, టేపుతో.

"ఏం కొలుస్తున్నవ్ సారూ, మా జాగనా?" అన్నాడు శిబిరం నడిపే మధు, లేచి నిలబడి.

పట్టాభి గారు వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ముత్తమ్మకూ పక్కనున్న అండాలమ్మకూ మధ్య టేపు పరిచారు.

"జానెడే. ఈ రకానికి మూడడుగులు కావాలి. గాలాడక మాడిపోతోంది."

ఎవరూ కదల్లేదు. ముత్తమ్మే చెయ్యెత్తింది.

"జరుగుండ్రి. సారు నా ఊపిరి కొలుస్తున్నడు."

జరిగారు. వరస వెనక వరస జరిగి, చివరి వరస టెంటు దాటి రోడ్డెక్కింది. ముత్తమ్మ ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది. అటుగా వచ్చిన పోలీసాయన మాత్రం, జనం ఒక్కసారిగా రెట్టింపయ్యారని ఫోన్లో కంగారుగా చెబుతున్నాడు.

మధు రోడ్డు వైపు చూశాడు. పట్టాభి గారి వైపు చూశాడు. "సారూ, రేపు గూడ జర రాండ్రి," అన్నాడు.

ఇంటికొస్తూ లింగస్వామి ఆపుకోలేక అడిగాడు: "గేట్ల కాడ గోడ కడుతున్నరా సారూ?"

"గోడెందుకయ్యా? అమ్మగారికి వేళగాని వేళ ఆయాసమొస్తే ఆ సందులో ఆటో పడుతుందో లేదో చూశాను. నాలుగు వేళ్లు తక్కువైంది. నా వైపు గేటు స్తంభం పీకించేస్తున్నాను."

అంటూనే గేటు దగ్గర ఆగి టేపు తీశారు. లింగస్వామి ఈసారి చెప్పులు విప్పి, రెండో కొస పట్టుకున్నాడు.