దొరసాని కథకు నేను కట్టిన ముగింపు

నా చిన్నప్పుడు, అంటే ఇంటింటికీ టీవీ ఇంకా రాని తొంభైల మొదట్లో, మా ఊళ్లో వేసవి మధ్యాహ్నాలు మా అరుగు మీదే గడిచేవి. భోజనాలయ్యాక ఆరేడుగురు ఆడవాళ్లు సూదీ దారపు బంతీ పట్టుకుని లేసు అల్లుకోవడానికి చేరేవారు. వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఎవరో ఒకరు నవల పైకి చదవాలి. పదకొండేళ్ల నాకు ఆ పని అప్పజెప్పారు. గొంతు మార్చి చదవడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు మహా గర్వం.

పక్కింటి అక్క రావులపాలెం బస్టాండు దగ్గరున్న అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చేది. ఆ వేసవిలో తెచ్చినదాంట్లో ఒక పాడుబడ్డ బంగళా, అందులో తెల్లగౌనుతో తిరుగుతూ పిల్లల్ని పేరు పెట్టి పిలిచే దొరసాని దెయ్యం. మూడు రోజులు చదివాను. తీరా నాలుగో రోజు చూస్తే చివరి పేజీలు లేవు, ఎవరో చింపేశారు. "తర్వాతేమైందే?" అంటూ అందరూ సూదులు ఆపి నా వైపు చూశారు. ఆ చూపులు నాకు తలకెక్కాయి. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, లేని పేజీలు ఉన్నట్టే చదివేశాను.

నా ముగింపులో దెయ్యం వదిలిపోదు. ఒక ముసలామె రోజూ సమాధుల మీద పూలు పెట్టి దాన్ని నిలబెడుతుంది, దాని చేత పిల్లలకు జ్వరాలు తెప్పిస్తుంది. ఆ ముసలామె కోసం నేను పెద్దగా వెతుక్కోలేదు. మా వీధి చివర మిషన్ కాంపౌండులో, ఎప్పుడో వెళ్లిపోయిన దొరల బంగళాను కనిపెట్టుకుని అందరూ ఆయమ్మ అని పిలిచే ముసలామె ఒక్కతే ఉండేది. అక్కడున్న మూడు చిన్న సమాధుల మీద రోజూ నందివర్ధనం పూలు పెట్టేది. నేను పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

వారం తిరక్కుండా వీధిలో ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చింది. వేసవిలో జ్వరాలు కొత్తా? అయినా ఈసారి వడదెబ్బ అని ఎవరూ అనలేదు. ఆయమ్మ బోరింగు దగ్గరకు వస్తే ఆడవాళ్లు బిందెలు తీసుకుని తప్పుకున్నారు. పిల్లలు కాంపౌండు గేటు మీద రాళ్లు వేశారు. వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నేనల్లిన అబద్ధానికి నేనే భయపడ్డానంటే నవ్వుతారు గాని, చీకటి పడితే ఆ గేటు వైపు వెళ్లేదాన్నే కాదు.

మూడో పిల్లకు ఒళ్లు కాలేసరికి మగవాళ్ల మాట మారింది. పాక హోటల్ దగ్గర చేరినవాళ్లలో మా బాబాయి కూడా ఉన్నాడు. చేతబడి చేసేవాళ్ల పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని, ఆదివారం ఆయమ్మ చర్చి నుంచి వచ్చేటప్పుడు పట్టుకోవాలని అనుకున్నారట. ఇంటికొచ్చి ఆ సంగతి అతి మామూలుగా చెప్పి, కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. మా నాయనమ్మ ఒళ్లో తలపెట్టి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. పాస్టరు గారింటికి వెళ్లి అట్ట ఊడిన సన్నటి పుస్తకం ఒకటి తెచ్చింది. మర్నాడు అరుగు నిండాక, "దొరసాని కథే ఇంకోటి దొరికిందర్రా. మా పిల్ల చదువుద్ది, వినండి" అంది. నాతో మాత్రం మెల్లగా, "ఆ రోజు గొంతుతోనే చదవాలి" అంది.

అది మిషన్ చరిత్ర. ఆ బంగళాలో ఉన్న అసలు దొరసాని కాలవలో పడవ మీద మా ఊరొచ్చింది. ఒక్క వానాకాలంలోనే ముగ్గురు పిల్లలను కలరాకు పోగొట్టుకుంది. అయినా వాళ్ల దేశం వెళ్లలేదు. వరదకు చేలు కుళ్లి ఊరు పస్తులున్నప్పుడు, ఆడవాళ్లను బంగళా వరండాలో కూర్చోబెట్టి లేసు నేర్పింది. దెయ్యం గొంతు ఎంత పెట్టినా నాకు రాలేదు. వింటున్నవాళ్లలో ఒకావిడ తన చేతిలోని అల్లిక వంక చూసుకుని ఒళ్లో పెట్టేసింది.

"ఆ పిల్లల్ని పెంచిన ఆయా మనవరాలే మన ఆయమ్మ. పూలు మానొద్దని ఆ ఆయా పోతా పోతా మాట తీసుకుంది" అంది నాయనమ్మ. అప్పుడు నేను లేచి, జ్వరాల ముగింపు పుస్తకంలో లేదని, నేనే కల్పించానని చెప్పాను. "ఇళ్లకెళ్లి మీ మగాళ్లకి చెప్పండి" అని నాయనమ్మే వాళ్లను లేపింది.

ఆదివారం ఏమీ జరగలేదు. జ్వరాలూ తగ్గాయి. కాని నిప్పు లేనిదే పొగ రాదన్నవాళ్లు ఉన్నారు, బోరింగు దగ్గర ఆయమ్మకు చోటిచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

క్షమించమని అడగడానికి నాయనమ్మ నన్ను ఆయమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. నేను నోరు తెరిచేలోపే ఆమె నవ్వి, "నాకు తెలుసమ్మా. నాకూ కథలంటే ఇష్టం. రోజూ మీ సందులో గోడకానుకుని వినేదాన్ని. చాలా బాగా చదువుతావు. ఆఖరి రోజు ఆ పూల ముసలిదాని ముగింపు కూడా విన్నాను" అంది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు కథలు చెప్పే పెద్దదాన్ని నేనే. దెయ్యాల కథలే అడుగుతారు, చెబుతాను. కాని ఎవరినైనా చెడ్డవాళ్లను చేయబోయే ముందు నా నోరు ఆగుతుంది. ఆ మనిషి గోడ పక్కనే కూర్చుని, ఇష్టంగా వింటున్నట్టు ఉంటుంది.