ఆరు వైపుల అంచుతాడు

మా కంచరపాలెం వీధిలోని లెక్కల టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ వయసులో ఎందుకన్నారు. వినలేదు.

నాది రెండో తరగతి చదువు. అయినా టార్పాలిన్ కుట్టడంలో రేవులో నన్ను మించినవాడు లేడు. అది ఎవరి ముందైనా చెబుతాను. సరుకు గుట్టల మీద కప్పే గుడ్డకు చుట్టూ అంచుతాడు కుట్టాలి. ఆ తాడు ఒకే ముక్క కావాలి. అతుకు వేస్తే సముద్రపు గాలికి అక్కడే తెగుతుంది. గుడ్డ కత్తిరించేలోపే తాడు కోసి సిద్ధంగా పెట్టుకోవాలి.

చాలా ఏళ్ల కిందట, పాత మేస్త్రి మానేశాక ఆ పని నాకిస్తానన్నాడు నేను కుట్టే షెడ్డు యజమాని. మొదటిదే ఒక మూల కోసేసినట్టుండే గుడ్డ. కాగితం మీద ఆరు వైపులు గీసి, నాలుగింటికే కొలత రాశారు. ముప్పై, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై. నాలుగూ కూడి ఎనభై అడుగులు కోసేశాను. కుట్టుకుంటూ పోతే చివర గుడ్డ బోడిగా మిగిలింది.

"ఏటి బావా, సొక్కా తొడిగి లాగు మర్సిపోనావేటి?" అని షెడ్డంతా నవ్వింది.

యజమాని నవ్వలేదు. "రేపు ఇంకో తాడు పాడైతే మేస్త్రి పని ఇంకొకడికి" అన్నాడు.

నా కింద పనిచేసేవాళ్లను అడగడానికి నాకు నామోషీ. మర్నాడు పొద్దున్న టీచరమ్మ ముగ్గు వేస్తుంటే కాగితం పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆవిడే లాక్కుని చూశారు. జుట్టు ముడిలో ఎప్పుడూ ఉండే పెన్సిలు ముక్క తియ్యనేలేదు. ముగ్గుపిండితో వాకిట్లో ఆ బొమ్మ పెద్దగా గీశారు.

"గీత మీద నడు తమ్ముడూ."

"అందరూ సూత్తన్నారమ్మా."

"సూడనీ." గీత పట్టుకుని నడిచాను. "సముద్రం వేపు ముప్పై ఎల్లావు. కొండ వేపు పద్దెనిమిదే వచ్చావు. మిగతాది నీ బదులు నాను నడవాలేటి?"

"నానే నడుత్తాను. ఇంకో పన్నెండు."

"మరి రాయనంత మాత్రాన ఆ వైపు లేకుండా పోతాదా? ఎంత దూరం పోతే అంత దూరం తిరిగి రావాలి. అప్పుడే చుట్టు పూర్తవుతాది."

కొలత రాయని రెండో వైపు సంగతి ఆవిడ చెప్పలేదు. అటు ఇరవై, ఇటు పన్నెండు. ఎనిమిదని నేనే అన్నాను. ఎదురింటావిడ ఏమిటని అడిగితే, "తమ్ముడికి కొత్త ముగ్గు నేర్పుతన్నాను" అన్నారు. నా తప్పు ఆవిడ నోటి నుంచి ఎన్నడూ బయటికి రాలేదు.

ఆ రోజు వంద అడుగులు కోశాను. సాయంత్రానికి రెండు కొసలూ నా చేతిలో కలిశాయి. రిటైరయ్యేదాకా ఆ షెడ్డుకు మేస్త్రిని నేనే.

తాడు కలిసిన ఆ సాయంత్రమే సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆవిడ గుమ్మం ముందు దిగాను.

"కలిసిందా?" అన్నారు.

"కలిసిందమ్మా."

ఆవిడ తలూపి చీపురు తీసుకున్నారు. వాకిలంతా ఊడ్చారు. నా పాదాలకు చెదిరిన ఆ ఆరు గీతల్ని మాత్రం ముట్టుకోకుండా, వాటి చుట్టూ తిరిగి ఊడ్చారు.