బిగుతు జడ

లెక్కల టీచరమ్మ తల దువ్వుకుంటూంటే, పాపం ఆ వెంట్రుకలు ఏం నేరం చేశాయో అనిపిస్తుంది. అన్నిటినీ వెనక్కి ఈడ్చి, కనుబొమలు పైకి లేచేదాకా రబ్బరు బ్యాండు బిగిస్తుంది. కణతల దగ్గర జుట్టు పలచబడి లోపలి చర్మం కనబడుతోంది. అందుకు ఆవిడ కుళాయి నీళ్ళను తిట్టింది, షాంపూను తిట్టింది, అత్తగారి పోరును తిట్టింది. తిట్టడానికి ఇంకేమీ మిగలక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన భూతద్దంతో చూసి, "ఏం లేదమ్మా, జడ లాగి కట్టడం వల్లే. కాస్త వదులుగా వేసుకోండి, మళ్ళీ వస్తుంది," అన్నాడు. మందు రాయనివాడు కూడా ఒక డాక్టరేనా అని ఆవిడ దారి పొడుగునా సణిగింది.

మర్నాడు పొద్దున ఏడేళ్ళ కూతుర్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని దువ్వెన అందుకుంది. "అమ్మా, నొప్పి!" అంది పిల్ల. "కదలకు. వదులు జడతో పంపిస్తే బడిలో నన్నేమనుకుంటారు?" అంటూ బ్యాండు మరో చుట్టు తిప్పింది. అప్పుడు కనిపించింది, పిల్ల చెవి పైన బొటనవేలంత బోడి మచ్చ. ఆవిడ దాని మీద వేలు పెట్టి చూసింది. తర్వాత వంటింట్లో ఉన్న మొగుడికి వినబడేలా అరిచింది: "చూశారా! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఈ నీళ్ళు మంచివి కావని!"